తాడు ఎక్కడ కట్టాలి? చుండూరు డొంక నుంచి జీపు కొక్కెం దాకా

ఈరోజు ఎపిసోడ్ ఒక చిన్న దృశ్యంతో మొదలుపెడతాను. మీరు డెల్టా వాళ్ళయితే ఇది కళ్ళతో చూసే ఉంటారు.

డిసెంబరు నెల. ముందురోజు వాన పడి వెలిసింది. పొలం చూసుకుందామని ఒకాయన పెద్ద కారు వేసుకుని డొంకలోకి దిగాడు. రెండు వందల గజాలు బాగానే వెళ్ళింది. ఎదురుగా వస్తున్న బండికి దారి ఇద్దామని కాస్త పక్కకు తీశాడు, అంతే, ఎడమ చక్రాలు రెండూ దిగబడిపోయాయి. ఎక్సలేటర్ తొక్కినకొద్దీ ఇంకా లోపలికి పోతోంది. పది నిమిషాల్లో పదిహేను మంది పోగయ్యారు. పక్క చేలో ఉన్న ట్రాక్టర్ని పిలిచారు. అప్పుడు అందరి నోటా ఒకటే మాట: "తాడుందా?"

తాడుందా అని అందరూ అడుగుతారు. ఎక్కడ కట్టాలి అని మాత్రం దాదాపు ఎవరూ అడగరు. ఒకడు కారు కిందకి దూరి, చేతికి ఏది తగిలితే దానికి కట్టేస్తాడు. ట్రాక్టర్ వైపు ఇంకొకడు, ఎక్కడ కొక్కెంలా కనపడితే అక్కడ తగిలిస్తాడు. మిగతా వాళ్ళందరూ తాడుకి అటూ ఇటూ నిలబడి "ఊఁ, లాగు" అంటారు. నూటికి తొంభై సార్లు కారు బయటికి వచ్చేస్తుంది, అందరూ నవ్వుకుంటూ వెళ్ళిపోతారు. మిగిలిన పదిసార్ల గురించే ఈ ఎపిసోడ్. ఎక్కడ కట్టాలి అన్న ప్రశ్నకు జవాబు మనుషులకు ఊరికే దొరకలేదు. దానికి ఒక చరిత్ర ఉంది, అందులో చాలా ప్రాణాలు పోయాయి.

ముందు ఊరి సంగతి. చుండూరు తెనాలికి దక్షిణాన, తెనాలి నుంచి బాపట్ల వెళ్ళే రైలు దారి మీద ఉంటుంది. 2022 ఏప్రిల్ దాకా గుంటూరు జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా. చుండూరు అనగానే మనలో చాలామందికి 1991 ఆగస్టు 6 గుర్తొస్తుంది, దళితుల ఊచకోత జరిగిన రోజు. దాన్ని తలచుకోకుండా ఆ ఊరి పేరు ఎత్తడం సరికాదు, అందుకే ముందే చెప్పాను. దానికి విడిగా, పూర్తి సమయం ఇచ్చి మాట్లాడుకోవాలి. ఈరోజు మన విషయం ఆ చుట్టుపక్కల మట్టి, ఆ మట్టిలో దిగబడిన బళ్ళు, వాటిని లాగిన మనుషులు.

కృష్ణ మీద బెజవాడ దగ్గర ఆనకట్ట 1852లో మొదలై 1855కి పూర్తయింది. అక్కడి నుంచి కాలవలు వచ్చాక ఈ ప్రాంతం అంతా మాగాణి అయింది. నేల నల్లటి బంకమట్టి. ఎండాకాలం చూస్తే చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చి ఉంటుంది. నీళ్ళు తగిలితే ఉబ్బుతుంది, జిగురులా పట్టుకుంటుంది. ఈ మట్టిలో కణాలు చాలా సన్నం, నీటిని పీల్చుకుని వదలవు. ఇసుకలో దిగబడిన చక్రానికీ రేగడిలో దిగబడిన చక్రానికీ తేడా అక్కడే ఉంది. ఇసుక అడ్డం పడుతుంది. రేగడి అడ్డం పడటమే కాదు, కింద గాలి చొరబడనివ్వకుండా వెనక్కి పీలుస్తుంది. బురదలోంచి కాలు లాగితే చెప్పు లోపలే ఉండిపోతుంది చూడండి, అదే ఇది.

ఎంత బలం కావాలి? దీనికి సైన్యాల దగ్గర ఒక మోటు లెక్క ఉంది. అమెరికా సైన్యం వాహనాల రికవరీ పాఠాల్లో ఇలా చెబుతారు: చక్రాల లోతు మునిగితే ఆ బండి బరువు ఎంతో, లాగడానికి అంత బలం. మడ్గార్డుల దాకా మునిగితే బరువుకి రెండింతలు. క్యాబిన్ దాకా అయితే మూడింతలు. అంటే రెండు టన్నుల కారు మడ్గార్డు దాకా దిగబడితే తాడు మీద పడేది నాలుగు టన్నులు. తాడు కట్టిన చోటు మీద పడేదీ నాలుగు టన్నులే. ఈ అంకె మనసులో పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

ఇప్పుడు ఎడ్లబండి కాలానికి వెళ్దాం. బండి దిగబడితే మనవాళ్ళు ఏం చేసేవారు? ముందు బరువు దించేవారు. బస్తాలు గట్టు మీదికి చేర్చేవారు. చక్రం ముందు మట్టి తవ్వి వరిగడ్డో తాటి పట్టెలో వేసేవారు. అవసరమైతే ముందు ఇంకో జత ఎడ్లను కట్టేవారు. ఇద్దరు మనుషులు చక్రాల దగ్గర నిలబడి పై ఆకులు పట్టుకుని ముందుకి తోసేవారు. ఈ ఆఖరి పనిలో మంచి లెక్క ఉంది. చక్రం నేలకు ఆనిన చోటు నుంచి చూస్తే ఇరుసు ఎంత ఎత్తులో ఉందో, చక్రం పై అంచు దానికి రెండింతల ఎత్తులో ఉంటుంది. అందుకని పైన పట్టి తోసిన వాడి బలం, బండిని వెనక నుంచి తోసిన వాడి బలానికి రెండింతల పని చేస్తుంది. ఈ లెక్క ఎవరూ పలక మీద వేసి చూపించలేదు, చేతులకి తెలిసిపోయింది.

తాడు లేదా గొలుసు కట్టాల్సి వస్తే ఎక్కడ కట్టేవారు? ఇరుసుకి, లేదా నొగలు ఇరుసుతో కలిసే చోట. ఎందుకంటే బండిలో బరువంతా మోసేది అదే. బండికి దాపరికం లేదు. ఏది గట్టిదో ఏది అలంకారమో చూస్తే తెలిసిపోయేది. నా ఉద్దేశంలో పాత బండికీ కొత్త కారుకీ మధ్య అన్నిటికంటే పెద్ద తేడా ఇదే.

ఇదే ప్రాంతంలో లాగుడు పని ఇంకొకటి ఉండేది, కాలవల మీద పడవలు. దుగ్గిరాల నుంచి దిగువకు వెళ్ళే కొమ్మమూరు కాలవ బకింగ్‌హామ్ కాలవతో కలిసి మద్రాసు దాకా నీటి దారి అయింది. రైలూ లారీ రాకముందు ధాన్యం, ఉప్పు, కలప అన్నీ ఆ దారినే పోయేవి. గాలి ఉంటే తెరచాప, లేకపోతే మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవారు. కాలవ పడవలను అలా లాగేటప్పుడు తాడును ముక్కుకి కాకుండా కొయ్యకు కట్టడం లోకంలో చాలాచోట్ల ఉన్న పద్ధతి. ముక్కుకి కడితే పడవ గట్టువైపు తిరిగిపోతుంది. కొంచెం వెనక, కొంచెం ఎత్తున కడితే చుక్కాని మాట వింటుంది, తాడు గట్టు మీద పొదలకి తగులుకోదు. అంటే లాగే బలం ఎంత అన్నది సగం సంగతే, అది ఏ చోట తగులుతోంది అన్నది మిగతా సగం.

అయితే ఇక్కడ తాడుకి రెండో కొసన ఉన్నది మనిషి. తాడు తెగితే పడేదీ, పడవ వెనక్కి గుంజితే నీళ్ళలోకి పోయేదీ అతనే. ఈ మాట కూడా గుర్తుంచుకోండి.

తర్వాత వచ్చింది రైలు. 19వ శతాబ్దం ముగిసేసరికి బెజవాడ, మద్రాసుల మధ్య దారి ఈ పొలాల మీదుగానే పడింది. 1916లో రేపల్లె దారి వచ్చింది. రైలు పెట్టెను ఎప్పుడైనా దగ్గరగా చూశారా? పాత పెట్టెలకి చివర ఒక పెద్ద కొక్కెం, దానికి మరతో బిగించే కొలికి ఉంటాయి. ఆ కొక్కెం పెట్టె రేకుకి అతికించి ఉండదు. దాని కాడ లోపలికి పోయి, కింద ఉన్న చట్రానికి బిగించి ఉంటుంది. లాగుడంతా రేకుని తాకకుండా చట్రంలోంచి చట్రంలోకి పోతుంది. ఈరోజు మనం రికవరీ పాయింట్ అంటున్నది సరిగ్గా ఇదే. పేరు కొత్తది, సూత్రం పాతది.

రైల్వే ఇంకో పాఠం కూడా నేర్పింది. అమెరికాలో మొదట్లో పెట్టెలను కలపాలంటే మనిషి రెండు పెట్టెల మధ్య నిలబడి, ఇంజను వెనక్కి వస్తుంటే చేత్తో పిన్ను వెయ్యాలి. వేళ్ళు పోవడం, చేతులు పోవడం, మధ్యలో నలిగి చనిపోవడం ఆ ఉద్యోగంలో మామూలు అనుకునేవారు. ఈలై జానీ అనే ఆయన 1873లో దానంతట అదే తగులుకునే కొలికికి పేటెంటు తీసుకున్నాడు. అయినా కంపెనీలు ఖర్చని చాలాకాలం పట్టించుకోలేదు. చివరికి 1893లో చట్టం చేస్తే గానీ మారలేదు. అంటే మందు దొరికాక కూడా ఇరవై ఏళ్ళు మనుషులు చచ్చిపోయారు. ఎందుకంటే కొక్కెం ఖరీదు ఇచ్చేది ఒకరు, కొక్కెం దగ్గర నిలబడేది వేరొకరు.

ఇప్పుడు మన పొలంలోకి ట్రాక్టర్ వచ్చింది. దీని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఈరోజుకీ డెల్టాలో దిగబడిన కారుకి, లారీకి, వరికోత యంత్రానికి దిక్కు ట్రాక్టరే.

హెన్రీ ఫోర్డ్ 1917లో ఫోర్డ్‌సన్ ట్రాక్టర్ తెచ్చాడు. చవక, తేలిక. రైతులు ఎగబడి కొన్నారు. కానీ దానికో చెడ్డపేరు వచ్చింది, వెనక్కి తిరగబడుతుందని. నాగలి రాయికో వేరుకో తగిలి ఆగిపోతే వెనక చక్రాలు తిరగలేవు. ఇంజను బలం ఎటో ఒకటు పోవాలి కదా? అది ట్రాక్టర్ ముందు భాగాన్ని పైకి లేపేది. మొత్తం బండి వెనక ఇరుసు చుట్టూ తిరిగి డ్రైవర్ మీద పడేది. ఇది జరగడానికి పట్టే సమయం ఎంతో తెలుసా? ముందు చక్రాలు లేచిన దగ్గర్నుంచి ఇక ఆపలేని స్థితికి సుమారు ముప్పావు సెకను. డ్రైవరుకి విషయం అర్థమై క్లచ్ మీద కాలు పడేలోపే అయిపోతుంది.

హ్యారీ ఫెర్గూసన్ అనే ఉత్తర ఐర్లండ్ మెకానిక్ ఈ సమస్య మీద పని చేశాడు. 1920లలో పేటెంట్లు తీసుకున్నాడు, 1938లో ఫోర్డుకి చూపించాడు, 1939లో ఇద్దరి పేరుతో ట్రాక్టర్ వచ్చింది. ఆయన కనిపెట్టిందే ఇప్పుడు ప్రతి ట్రాక్టర్ వెనకా కనపడే మూడు చేతుల అమరిక: కింద రెండు, పైన ఒకటి. ఆ పైదాన్ని మనవాళ్ళు టాప్ లింకు అంటారు. నాగలి దేనికైనా తగిలితే ఆ టాప్ లింకు ట్రాక్టర్ని ముందుకి తోస్తుంది, దాంతో ముందు చక్రాలు నేలకి అదుముకుంటాయి. తిరగబడే బలాన్నే తిరగబడకుండా ఆపడానికి వాడుకున్నాడన్నమాట. 1960లో మద్రాసులో టాఫే సంస్థ మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్లతో మొదలయ్యాక ఈ అమరిక మన పొలాల్లోకీ బాగా వచ్చింది.

ఇప్పుడు మళ్ళీ మన డొంక దగ్గరికి రండి. కారుని లాగడానికి వచ్చిన ట్రాక్టర్‌కి గొలుసు ఎక్కడ కడుతున్నారు? చాలాసార్లు ఆ టాప్ లింకు బిగించే చోటే. చేతికి అందేంత ఎత్తులో ఉంటుంది, పిన్ను సిద్ధంగా ఉంటుంది, వంగక్కర్లేదు. కానీ ఫెర్గూసన్ ఆ చోటును ముందుకి తోయడానికి పెట్టాడు. మనం అక్కడే గొలుసు కట్టి వెనక్కి గుంజుతున్నాం. ఇరుసు కంటే ఎత్తున వెనక్కి లాగితే ట్రాక్టర్ ముక్కు లేస్తుంది. ప్రాణం కాపాడటానికి పెట్టిన చోటే ప్రాణం తీసే చోటు అవుతోంది.

ట్రాక్టర్ లాగాల్సిన చోటు ఒక్కటే: కింద, ఇరుసు కంటే దిగువన ఉండే డ్రాబార్. ట్రక్కు తగిలించే చోటన్నమాట. అక్కడ కడితే బలం ఎంత పెరిగినా ముక్కు లేవడం చాలా కష్టం. ఇంకోటి కూడా చెప్పాలి. ట్రాక్టరే దమ్ములో కూరుకుపోతే కొందరు వెనక చక్రాలకి అడ్డంగా దుంగ కట్టి ముందుకి నడుపుతారు. మొదటి ప్రపంచ యుద్ధంలో 1917 నాటి బ్రిటిష్ ట్యాంకుల పైన అలాంటి దూలమే ఉండేది. దాన్ని పట్టాలకి గొలుసుతో తగిలిస్తే కిందికి పోయి ట్యాంకుకి పట్టు ఇచ్చేది. అది పొడవాటి పట్టాల మీద నడిచే ట్యాంకు కాబట్టి సరిపోయింది. ట్రాక్టర్‌లో దుంగ మట్టికి పట్టుకుని చక్రం ఆగిపోతే, చక్రం బదులు ట్రాక్టరే తిరుగుతుంది. దిగబడిన ట్రాక్టర్ని సాధ్యమైతే వెనక్కి నడిపి తీయాలి, లేదా ఇంకో ట్రాక్టర్‌తో లాగించాలి. స్వీడన్‌లో 1959 నుంచే కొత్త ట్రాక్టర్లకి డ్రైవర్ మీద రక్షణ చట్రం తప్పనిసరి చేశారు. మన పొలాల్లో తిరిగే ట్రాక్టర్ల మీద అది ఎన్నిటికి ఉందో మీరే ఒకసారి చూడండి.

ఇక జీపు. రెండో ప్రపంచ యుద్ధం కోసం 1941లో విల్లీస్ ఎంబీ తయారైంది. చిన్న తుపాకీ బండిని లాగాలి కాబట్టి వెనక ఒక బలమైన కొక్కెం పెట్టారు. మూత తెరిచి తగిలించి, మళ్ళీ మూసి పిన్ను వేసే రకం. దాన్ని చట్రం అడ్డకమ్మీకి, లోపల దన్ను ఇచ్చి బిగించారు. బురదలో దిగబడితే సైనికులు పట్టుకుని లేపడానికి బాడీకి చుట్టూ పిడులు కూడా పెట్టారు. ఈ బండి దిగబడుతుంది అని తయారుచేసిన వాళ్ళకి ముందే తెలుసు, దానికి తగ్గట్టే తయారుచేశారు. 1947 నుంచి మహీంద్రా వాళ్ళు మన దేశంలో జీపులు బిగించడం మొదలుపెట్టారు. ఆ తర్వాత ఎన్నికలు, పోలీసు, ఇరిగేషన్ శాఖ, వ్యవసాయ శాఖ అన్నిచోట్లా జీపే. ముందు ఇనుప బంపరు, పక్కన కొక్కేలు, వెనక చట్రం. కట్టాల్సిన చోటు ఎడ్లబండిలో లాగే కంటికి కనపడేది.

రోడ్డు మీద బళ్ళు లాగే వృత్తికీ దాదాపు అదే కాలపు చరిత్ర ఉంది. 1916లో అమెరికాలోని చట్టనూగా ఊళ్ళో ఎర్నెస్ట్ హోమ్స్ అనే గ్యారేజీ ఆయన, ఏట్లో పడిన స్నేహితుడి కారుని తాళ్ళతో, దుంగలతో, మనుషులతో గంటల తరబడి లాగాడు. ఇది ఇలా కాదని పాత కారు మీద కప్పీ, గొలుసు, స్తంభం బిగించి మొదటి టో ట్రక్కు తయారుచేశాడు. 1959లో అమెరికాలో వార్న్ కంపెనీ మామూలు జీపుల ముందు బిగించుకునే కరెంటు వించ్ తెచ్చింది. ఇవన్నీ ఒకే దిశలో పోతున్నాయి గమనించండి. మనిషి చేతుల్లోంచి తాడు యంత్రానికి పోతోంది, మనిషి తాడుకి దూరం జరుగుతున్నాడు.

కానీ ఆ తర్వాత కార్లు మారాయి. బంపరు ప్లాస్టిక్ అయింది. చాలా కార్లలో కొక్కెం కనపడకుండా పోయింది. టూల్ కిట్‌లో ఒక ఉంగరం లాంటి మర ఇస్తారు, బంపర్లో చిన్న మూత తీసి అది బిగించుకోవాలి. అది దేనికి? చదును రోడ్డు మీద ఆగిపోయిన కారుని నెమ్మదిగా మెకానిక్ షెడ్డుకి తీసుకెళ్ళడానికి. 1989 నాటి మన రోడ్డు నిబంధనల్లో కూడా లాగుడు అంటే అదే ఉండేది: రెండు బళ్ళ మధ్య 5 మీటర్లు దాటకూడదు, వేగం గంటకి 24 కిలోమీటర్లు దాటకూడదు. అదంతా తారురోడ్డు సంగతి. రేగడిలో నాలుగు టన్నుల లాగుడికి ఆ మర చాలదు. కొన్ని కార్ల కింద చిన్న కళ్ళలాంటివి ఉంటాయి, అవి లారీ మీదో ఓడలోనో కారుని కదలకుండా కట్టేయడానికి పెట్టినవి. వాటికి కట్టి లాగితే ఊడి వస్తాయి.

ఇంకా ప్రమాదకరమైనది వెనక బిగించే టో బాల్. ఇనుప బంతి. ట్రెయిలర్ని నెమ్మదిగా లాగడానికి తయారైన వస్తువు. చాలామంది షోకుకి బిగించుకుంటారు. గుండ్రంగా, గట్టిగా, తాడు తగిలించడానికి అనువుగా కనిపిస్తుంది. కానీ దాని మెడ ఒక్కసారిగా పడే దెబ్బకి తట్టుకోదు.

దీనికి తోడు తాడు కూడా మారింది. 1930లలో నైలాన్ వచ్చింది. జనపనార తాడు పెద్దగా సాగదు, తెగితే కింద పడుతుంది. ఉక్కు తీగ కూడా సాగదు గానీ తెగితే కొరడాలా కొడుతుంది. నైలాన్ బాగా సాగుతుంది. దాంతో కొత్త పద్ధతి పుట్టింది: లాగే బండి కొంచెం వేగం అందుకుంటే ఆ వేగాన్ని తాడు రబ్బరులా దాచుకుని, దిగబడిన బండిని మెత్తగా బయటికి గుంజుతుంది. సైన్యాల్లోనూ, ఆస్ట్రేలియా ఎడారి దారుల్లోనూ ఈ పద్ధతి బాగా వాడతారు. పద్ధతి మంచిదే. కానీ తాడులో దాగిన శక్తి ఎంతో ఒకసారి లెక్కేద్దాం.

రెండు టన్నుల బండి గంటకి 10 కిలోమీటర్ల వేగంతో పోతుంటే దాని శక్తి సుమారు 7,700 జౌల్స్. వేగం 20 అయితే రెండింతలు కాదు, నాలుగింతలు, 31,000 దాకా. ఇప్పుడు టో బాల్ మెడ విరిగింది అనుకోండి. రెండు కిలోల ఇనుప ముక్క. ఆ 7,700లో పదోవంతు దానికి అందినా చాలు, గంటకి 100 కిలోమీటర్ల వేగంతో ఎగురుతుంది. ఎటు? తాడు ఎటు ఉందో అటే. అంటే రెండో బండి అద్దం మీదికి, లేదా అక్కడ నిలబడి "లాగు లాగు" అంటున్న పిల్లవాడి మీదికి. ఆస్ట్రేలియాలో ఇలా ప్రాణాలు పోయాకే అక్కడి ప్రభుత్వం ఈ పట్టీల మీద హెచ్చరికలు అచ్చు వెయ్యడం తప్పనిసరి చేసింది. టో బాల్‌కి కట్టవద్దు, మనుషులు దూరంగా ఉండాలి అని. మన దగ్గర బజార్లో దొరికే తాళ్ళ మీద ఏముంటుంది? చాలావాటి మీద రంగు తప్ప ఏమీ ఉండదు.

మొన్నటి ఒక సంఘటన చెప్పి ముగింపుకి వస్తాను. 2024 సెప్టెంబరు మొదట్లో కృష్ణకి వచ్చిన వరద మీ అందరికీ గుర్తుంటుంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె వైపు లంకల్లో నీళ్ళు వచ్చాయి. ఆ వరదలో పెద్ద ఇనుప పడవలు కొట్టుకొచ్చి బ్యారేజీ గేట్ల దగ్గర ఇరుక్కున్నాయి. చుండూరు పొలాలకి నీళ్ళొచ్చేది ఆ బ్యారేజీ నుంచే. పైనుంచి పెద్ద పెద్ద క్రేన్లు పెట్టి లాగితే మొదట అవి కదల్లేదు. నీళ్ళలోకి మనుషులు దిగి కోసే ప్రయత్నం జరిగింది. రోజుల తరబడి సాగాక, పెద్ద పడవల్ని ఇనుప దూలాలతో జోడించి, నీటి మీద నుంచే గొలుసు కప్పీలతో నెమ్మదిగా లాగి తీశారు. టన్నులకి టన్నులు బలం ఉన్న క్రేన్ చెయ్యలేని పనిని, సరైన చోట నుంచి, సరైన కోణంలో, నిదానంగా లాగిన గొలుసు చేసింది. మన పాత బండివాడు చూస్తే ఏమీ ఆశ్చర్యపోడు.

సరే, మరి మన డొంకలో ఏం చెయ్యాలి? చరిత్ర నేర్పిన వరసలోనే చెప్తాను.

మొదటిది ఎడ్లబండి నేర్పింది. లాగకముందు తవ్వండి. బరువు దించండి. చక్రాల ముందు, కారు పొట్ట కింద మట్టి తీసి గాలి చొరబడనివ్వండి, గడ్డో పట్టెలో వెయ్యండి. అరగంట పార పని చేస్తే నాలుగు టన్నుల లాగుడు రెండు టన్నులకి దిగుతుంది. ఇంతకంటే చవకైన రికవరీ సామాను లేదు.

రెండోది రైలు పెట్టె నేర్పింది. చట్రానికి బిగించిన చోటే కట్టండి. కారు కొన్నరోజే మాన్యువల్ తీసి మీ కారుకి ముందూ వెనకా అలాంటి చోటు ఉందో లేదో చూసుకోండి. లేకపోతే తెలిసిన మెకానిక్‌తో చట్రానికి, గట్టి బోల్టులతో, బరువు రాసి ఉన్న కొక్కేలు పెట్టించండి. దిగబడ్డాక చీకట్లో కారు కింద వెతుక్కోవడం కాదు. రెండు చోట్ల ఉంటే రెండిటికీ పట్టీ వేసి బలం పంచండి. కానీ ఆ పట్టీ మరీ పొట్టిగా ఉండి రెండు కాళ్ళూ బాగా విడిపోతే లాభం ఉండదు. మధ్య కోణం 120 డిగ్రీలు అయితే ఒక్కొక్క కాలు మీదా పూర్తి బరువే పడుతుంది.

మూడోది షాకిల్ సంగతి. ఎంత బరువు మోస్తుందో దాని మీదే అచ్చు వేసి ఉండాలి. 19 మిల్లీమీటర్ల మంచి షాకిల్ మీద 4.75 టన్నులు అని ఉంటుంది. ఏమీ రాయని షాకిల్‌ని నమ్మకండి. రెండు పట్టీలు కలపాల్సి వస్తే మధ్యలో ఇనుప షాకిల్ వెయ్యకండి, తెగితే అది తూటా అవుతుంది. కప్పీ వాడితే వించ్ మీద బరువు సగం అవుతుంది గానీ, కప్పీ కట్టిన చెట్టు మీద పడే బరువు వించ్ మీద పడేదానికి రెండింతలు ఉంటుంది, అది మర్చిపోవద్దు.

నాలుగోది ఫోర్డ్‌సన్ డ్రైవర్లు ప్రాణం పెట్టి నేర్పింది. ట్రాక్టర్‌కి డ్రాబార్ దగ్గరే కట్టండి. టాప్ లింకుకి కాదు, సీటు కిందా కాదు. గొలుసుతో లాగేటప్పుడు జెర్కు ఇవ్వొద్దు. గొలుసు బిగిసేదాకా మెల్లగా వెళ్ళి, బిగిశాక లాగండి. పరుగెత్తి గుంజే పద్ధతి అందుకోసమే చేసిన నైలాన్ పట్టీతో మాత్రమే చెయ్యాలి.

ఐదోది అన్నిటికంటే ముఖ్యం, దీనికి ఖర్చు లేదు. తాడు మీద ఒక తడి గోనె సంచి వెయ్యండి, తెగితే దాని ఎగురుడు కొంత తగ్గుతుంది. మనుషుల్ని తాడు పొడవుకి ఒకటిన్నర రెట్లు దూరం పంపండి. తాడుకి ఎదురుగా ఎవరూ వద్దు. తాడు దాటొద్దు. పిల్లల్ని ముందు పంపించండి.

ఎందుకు ముఖ్యం అంటున్నానంటే, మొదట చెప్పిన దృశ్యం మళ్ళీ గుర్తు తెచ్చుకోండి. కారు ఆయన అద్దాలు ఎత్తుకుని లోపల స్టీరింగ్ పట్టుకుని ఉన్నాడు. ట్రాక్టర్ మీద ఉన్నది కూలికి నడిపే కుర్రాడు. కారు కిందకి దూరి తాడు కట్టినది పక్క చేలో మినుము చల్లుతున్న మనిషి. వెనక నుంచి తోస్తున్నది దారిన పోయేవాళ్ళు. ఏదైనా తెగితే దెబ్బ ఎవరికి తగులుతుంది? కాలవ గట్టు మీద తాడు లాగిన మనిషికి, రైలు పెట్టెల మధ్య నిలబడ్డ మనిషికి తగిలినట్టే, ఆ కారు సొంతం కాని వాళ్ళకే ఎక్కువగా తగులుతుంది. సాయానికి వచ్చిన వాళ్ళు వాళ్ళు. కాబట్టి కారు కొన్నవాడి బాధ్యత లోన్ కట్టడంతో అయిపోదు. తన బండికి ఎక్కడ కట్టాలో తనకి తెలిసి ఉండాలి, తాడు తన దగ్గర ఉండాలి, "ఆగండి, అందరూ దూరం జరగండి" అన్న మాట తన నోటి నుంచే రావాలి.

1977 నవంబరు, 1990 మే, 2023 డిసెంబరు. ఈ తీరానికి తుపాన్లు వస్తూనే ఉన్నాయి. 2023లో మిచౌంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటింది. మళ్ళీ వాన పడుతుంది, రేగడి మళ్ళీ మెత్తబడుతుంది, ఎవరిదో ఒకరిది బండి దిగబడుతుంది. ఈసారి "తాడుందా" అనగానే, "ఉంది, ముందు ఎక్కడ కట్టాలో చూద్దాం" అనే గొంతు ఒక్కటి ఆ గుంపులో ఉంటే చాలు. ఆ గొంతు మీదే కావాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.